పురుగు ఏం తింటే కోడి అదే తింటుంది: బ్లాక్ సోల్జర్ ఫ్లై దాణాలో నా లెక్కలు, నా తప్పు



పై వీడియోలో మా షెడ్డు, ట్రేలు, ఈగల కోసం కట్టిన దోమతెర గూడు చూశారు కదా. ఈ పురుగుల పెంపకం గురించి నన్ను ఎక్కువ మంది అడిగేవి రెండే ప్రశ్నలు. "అన్నా, దీంతో దాణా ఖర్చు మొత్తం పోతుందా?" "మార్కెట్ చెత్త ఉత్తపుణ్యానికి దొరుకుతుంది, అది తెచ్చి వేయొచ్చా?"

మొదటిదానికి జవాబు: పోదు, తగ్గుతుంది. ఎంత తగ్గుతుందో లెక్క కింద రాశాను. రెండోదానికి జవాబు చెప్పాలంటే నేను చేసిన తప్పు ఒకటి ఒప్పుకోవాలి. వీడియోలో అదంతా చెప్పడానికి టైం చాలలేదు, అందుకే ఇక్కడ రాస్తున్నాను.

ఇది ఎందుకు మొదలుపెట్టానంటే

మాది మదనపల్లె దగ్గర ఒక పల్లె. టమాటా, వేరుశెనగ, కూరగాయలు, గట్ల మీద మునగ, కొన్ని మామిడి చెట్లు. మందులు లేకుండా పండిస్తున్నాం. దాంతోపాటు వంద దాకా నాటుకోళ్లు. గుడ్లు మదనపల్లెలో, బెంగళూరులో తెలిసిన కుటుంబాలకు ఇస్తాం.

2021ని కోళ్లు పెంచేవాళ్లెవరూ అంత తేలిగ్గా మర్చిపోరు. ఏడాది తిరక్కముందే సోయా చెక్క ధర రెండింతలు దాటింది. ఆ ఆగస్టులో 12 లక్షల టన్నుల జన్యుమార్పిడి సోయా చెక్క దిగుమతికి కేంద్రం అనుమతి ఇచ్చింది. ధర సంగతి ఒకటైతే, నాకు ఇంకో గుబులు పట్టుకుంది. నేను "మందుల్లేని గుడ్లు" అని చెప్పి అమ్ముతున్నా. ఆ కోడి తినే సోయా ఎక్కడ పండింది, ఏ విత్తనంతో పండింది అని ఎవరైనా అడిగితే నా దగ్గర జవాబు లేదు.

కోళ్ల పెంపకంలో 60-70 శాతం ఖర్చు దాణాదే అని మనందరికీ తెలుసు. జొన్న, మొక్కజొన్న, నూకలు మన దగ్గర పండుతాయి. కొనాల్సి వచ్చేది ప్రోటీనే. దానికి వెతుకుతుంటే మా అవ్వ కుండ గుర్తొచ్చింది.

చిన్నప్పుడు మా అవ్వ ఓటి కుండలో ఎండు పేడ ముక్కలు, శెనక్కాయ పొట్టు, చిరిగిన గోనె పట్టా కుక్కి, నీళ్లు చల్లి, చెదలు ఉన్న నేల మీద సాయంత్రం బోర్లించేది. తెల్లారి కుండ ఎత్తితే నిండా చెదలు. గంప కింద ఉన్న కోడిపిల్లల ముందు దులిపితే నిమిషంలో ఖాళీ. పెద్ద కోళ్లకు వేసేది కాదు, పిల్లలకే. ఆ సంగతి అప్పుడు నాకు పట్టలేదు. మళ్లీ చివర్లో చెప్తా.

వ్యవసాయ డిప్లొమాలో మేం పురుగు గురించి చదివిందంతా దాన్ని ఎట్లా చంపాలనే. పురుగును పెంచడం ఎవరూ చెప్పలేదు. మొదటి ట్రే పెట్టినప్పుడు అవ్వ చూసి, "ఏమిరా అబ్బోడా, పురుగుల్ని సాకతా ఉండావా?" అని నవ్వింది.

ఇది ఏ ఈగ?

బ్లాక్ సోల్జర్ ఫ్లై, పొట్టిగా బీఎస్ఎఫ్ అంటారు. నల్లగా, సన్నగా, దగ్గర దగ్గర రెండు సెంటీమీటర్ల పొడవుంటుంది. చూడ్డానికి కందిరీగలా ఉంటుంది గానీ కుట్టదు, కరవదు. కాళ్ల చివర్లు తెల్లగా ఉంటాయి. అమెరికా ఖండాల నుంచి వచ్చిన ఈగ ఇది, ఇప్పుడు వేడి దేశాలన్నిటిలో ఉంది. మీ ఎరువు దిబ్బలో కూడా ఉండే ఉంటుంది, మనమే గమనించం.

ఇంటి ఈగతో పోల్చకండి. ఈ ఈగకు పెద్దయ్యాక మేత అవసరం లేదు. కాసిని నీళ్లు తాగి, వారం పది రోజులు బతికి, జతకట్టి, గుడ్లు పెట్టి చనిపోతుంది. కావాల్సిన మేత పురుగుగా ఉన్నప్పుడే తినేస్తుంది. అందుకే అన్నం మీద, గిన్నెల మీద వాలే పని దీనికి లేదు. ఈ పురుగులు దట్టంగా ఉన్న చెత్తలో ఇంటి ఈగలు గుడ్లు పెట్టడం కూడా తగ్గుతుంది.

పురుగును గుర్తుపట్టడం తేలిక. ఇంటి ఈగ పురుగు తెల్లగా, మెత్తగా, ఒక కొస సూదిగా ఉంటుంది. బీఎస్ఎఫ్ పురుగు చదునుగా, కణుపులు కణుపులుగా, తోలులాంటి చర్మంతో గోధుమ రంగులో ఉంటుంది. ముదిరితే నల్లబడుతుంది.

ఇదేమీ కొత్తగా కనిపెట్టింది కాదు. 1970లలోనే అమెరికాలోని జార్జియాలో ఎండబెట్టిన ఈ పురుగును కోళ్లకు మేపి చూశారు. యూరప్ దేశాలు 2021లో కోళ్లకు, పందులకు పురుగుల పొడి వాడడానికి అనుమతి ఇచ్చాయి. అయితే ఆ పురుగులకు ఏం మేపాలో కూడా గట్టిగా రూల్ పెట్టాయి. హోటళ్ల, వంటశాలల మిగులు వేయకూడదు, పశువుల పేడ వేయకూడదు. ఆ రూల్ చదివినప్పుడు "ఇంత చాదస్తం ఎందుకు" అనుకున్నా. తర్వాత అర్థమైంది.

గుడ్డు నుంచి గుడ్డు దాకా

తల్లి ఈగ ఒక్కసారే, దాదాపు 500 గుడ్లు పెడుతుంది. చెత్తలో పెట్టదు, చెత్త పక్కన పొడిగా ఉన్న సందులో పెడుతుంది. నాలుగు రోజుల్లో పొదుగుతాయి. 27-30 డిగ్రీల వేడిలో మంచి మేత ఉంటే రెండు, రెండున్నర వారాల్లో పురుగు పూర్తి సైజుకు వస్తుంది. తర్వాత నల్లబడి, మేత మానేసి, పొడి చోటు వెతుక్కుంటూ పాకుతుంది. ఇంకో రెండు వారాలు గూటిలో ఉండి ఈగగా బయటికొస్తుంది.

విత్తనం కోసం డబ్బు పెట్టాల్సిన అవసరం చాలామందికి లేదు. ఒక బకెట్లో తవుడు, కొంచెం బెల్లం నీళ్లు, పండు తొక్కలు కలిపి నాలుగైదు రోజులు పులియనివ్వండి. బకెట్ పైన, తడి తగలకుండా, రెండు మూడు చెక్క పలకలను మధ్యలో సన్న సందు ఉండేలా కట్టి పెట్టండి. అట్టపెట్టె ముక్కలైనా సరే. చెట్టు నీడలో ఉంచండి. చుట్టుపక్కల ఈ ఈగలు ఉంటే సందుల్లో లేత పసుపు రంగు గుడ్ల ముద్దలు కనిపిస్తాయి. మాకు వానలు మొదలయ్యాక రెండు వారాలకు దొరికాయి.

గుడ్లను తడి తవుడు మీద జల్లెడలో వేలాడదీస్తే పిల్ల పురుగులు తవుడులో రాలతాయి. అయిదారు రోజులు అక్కడే పెరగనిచ్చి ట్రేలోకి మార్చాలి. నేను పాటించే కొలత ఇది. 60 సెంటీమీటర్ల పొడవు, 40 వెడల్పు ఉన్న ట్రేకి 10 వేల పిల్ల పురుగులు, 12 రోజుల్లో మొత్తం 15 కిలోల తడి చెత్త, మూడు విడతలుగా. ఒకేసారి కుమ్మరించకండి.

నాకు దెబ్బ తగిలించిన మూడు విషయాలు ఇక్కడే చెప్తా.

తడి: టమాటా అంతా నీళ్లే. ఉత్త టమాటా వేస్తే ట్రే అడుగున నీళ్లు నిలిచి కుళ్లు వాసన వస్తుంది, పురుగులు గోడెక్కి పారిపోతాయి. పిడికిట్లో పిండితే వేళ్ల సందుల్లోంచి రెండు మూడు చుక్కలు రావాలి, ధార రాకూడదు. శెనక్కాయ పొట్టు పొడి, ఎండుటాకులు, పాత ట్రేలో మిగిలిన పొడి ఎరువు కలిపి సరిచేస్తాను.

వేడి: పురుగులు తింటుంటే వాటికవే వేడి పుట్టిస్తాయి. మేలో ట్రేలో చెయ్యి పెడితే కాలింది, ఆ ట్రే మొత్తం పోయింది. ఎండాకాలంలో మేత మందం అయిదు సెంటీమీటర్లు దాటనివ్వను. షెడ్డుకు నాలుగు పక్కలా తడి గోనె పట్టాలు కడతాను.

చీమలు: ఒక్క రాత్రి చాలు. స్టాండు కాళ్లను నీళ్ల గిన్నెల్లో పెట్టి, నీళ్ల మీద కొంచెం నూనె చుక్క వేయండి. బల్లులకు, ఎలుకలకు మెష్ తప్పదు.

పురుగును పట్టడానికి వెలుతురే సాయం. వాటికి వెలుతురు పడదు. ట్రేను ఎండ పొడలో పెట్టి పైపై ఎరువు తీస్తూ పోతే పురుగులు అడుగుకు చేరతాయి. జల్లెడ పట్టి కడిగి, అదే రోజు కోళ్లకు వేస్తాను. దాచుకోవాలంటే మరిగే నీళ్లలో నిమిషం ముంచి తీసి ఎండబెట్టాలి. అట్లా ముంచితే సూక్ష్మజీవులు కూడా తగ్గుతాయి.

పదో వంతు పురుగులను విత్తనానికి వదిలేయండి. నల్లబడ్డాక పొడి కొబ్బరి పీచు పొట్టులో, చీకట్లో ఉంచి, ఈగలు రాగానే దోమతెర గూట్లోకి వదలాలి. గూడు మీద పొద్దున ఎండ పడాలి. ఎండ లేకపోతే ఇవి సరిగా జతకట్టవు. నవంబరు, డిసెంబరులో తుఫాను ముసురు పట్టిందంటే మాకు వారాల తరబడి గుడ్లు ఉండవు. ఆ రోజుల కోసం ఎండబెట్టిన పురుగులు దాచుకోవాలి.

ఇప్పుడు అసలు లెక్క

ఈ లెక్క చూడకుండా ఎవరూ పెట్టుబడి పెట్టొద్దు.

అన్నం, పండ్ల తొక్కలు, కూరగాయలు కలిసిన 15 కిలోల చెత్తకు ఒకటిన్నర నుంచి రెండు కిలోల పచ్చి పురుగులు వస్తాయి. ఉత్త టమాటా, దోసకాయలాంటివైతే ఇంకా తక్కువ. ఆ పురుగుల్లో మూడింట రెండు వంతులు నీళ్లే. ఎండితే ఆరు వందల గ్రాములు మిగులుతాయి అనుకుందాం. అందులో 40 శాతం ప్రోటీన్, అంటే సుమారు 240 గ్రాములు. సోయా చెక్కలో 45 శాతం దాకా ఉంటుంది. అంటే 15 కిలోల చెత్త, 12 రోజుల పని, అన్నీ కలిపితే అర కిలో పైచిలుకు సోయా చెక్కకు సమానం. పురుగులో కొవ్వు, కాల్షియం అదనం.

తక్కువనిపిస్తోందా? నాకూ అట్లాగే అనిపించింది. కానీ చెత్త మనదే అయితే, రోజూ గంట పని మనింట్లోనే జరిగితే, ఇది లాభమే. చెత్తకు డబ్బిచ్చి, ఆటో కిరాయి కట్టి, కూలీ పెడితే నష్టం.

ఇంకో మాట. తవుడు వేస్తే పురుగు బాగా లావెక్కుతుంది, వీడియోల్లో చూపించడానికి బాగుంటుంది. కానీ తవుడు కోడి నేరుగా తింటుంది కదా! తవుడులో ఉన్న ప్రోటీన్ అంతా పురుగులోకి రాదు, మధ్యలో కొంత పోతుంది. కోడి తినగలిగింది పురుగుకు వేయడం తెలివితక్కువ పని. కోడి తినలేనిది, తిననిది మాత్రమే పురుగుకు వేయాలి. నేను తవుడు పిల్ల పురుగులకు మాత్రమే వాడతాను.

"మా దగ్గర గుడ్లు, సామాను కొనండి, ఎండు పురుగు మేమే తిరిగి కొంటాం" అని నా దగ్గరికి కూడా ఒకరు వచ్చారు. నేను ఒప్పుకోలేదు. ఈము పక్షుల కథ మనం ఇంకా మర్చిపోలేదు కదా. ముందు మీ కోళ్లకు వేసుకోవడానికి పెంచండి.

నేను చేసిన తప్పు

మొదట్లో నాలుగు ట్రేలు. బాగా నడిచాయి. ఆశ పుట్టి 12 ట్రేలకు పెంచాను. రోజుకో ట్రే పురుగు చేతికి రావాలని లెక్క. అంటే రోజుకు 15 కిలోల చెత్త కావాలి. మా తోటలో అంత రాదు. సరిగ్గా అప్పుడే టమాటా ధర పడిపోయింది. మా వైపు ధర పడితే ఏమవుతుందో మీకు తెలుసు, కాయ రోడ్డు పక్కన కుప్పలు పడుతుంది. ఊరికే వస్తోంది కదా అని బండి వేసుకుని తెచ్చాను. మూడు వారాలు ఏ ఇబ్బందీ లేదు. పురుగులు తిన్నాయి, కోళ్లు పురుగులు తిన్నాయి, గుడ్లు బెంగళూరు వెళ్లాయి.

నాలుగో వారం తెచ్చిన బండి టమాటా సాయంత్రం ఎనిమిది ట్రేలకు వేశాను. తెల్లారి చూస్తే ఎనిమిది ట్రేల్లోనూ పురుగులు మెత్తబడి కదలకుండా పడున్నాయి. అదే షెడ్డు, అదే వేడి. మా తోట చెత్త వేసిన మిగతా నాలుగు ట్రేలకు ఏమీ కాలేదు.

ఎంత మొద్దునో అప్పుడు తెలిసింది. టమాటా మీద కొట్టేది పురుగు మందు. నేను పెంచేది పురుగు. ధర లేదని కోయకుండా వదిలేసిన కాయ కాదది, మందు కొట్టి, కోసి, మార్కెట్‌కు తెచ్చి అమ్ముడుపోక పారేసిన కాయ.

చచ్చిన పురుగుల బాధ ఒక్కరోజే. మిగిలిపోయిన బాధ వేరే. ముందు మూడు వారాల కాయ మీద కూడా మందు ఉండే ఉంటుంది, కాకపోతే పురుగును చంపేంత లేదు. ఆ పురుగులను తిన్న కోళ్ల గుడ్లను నేను "మందుల్లేనివి" అని అమ్మాను. సోయా ఎక్కడిదో తెలియదని మొదలుపెట్టినవాణ్ని, టమాటా ఎక్కడిదో చూసుకోలేదు.

మా నాయన "ఎవరికి తెలుస్తుంది, వదిలేయ్" అన్నాడు. రెండు రోజులు ఆలోచించి గుడ్లు తీసుకునే వాళ్లందరికీ ఫోన్లో మెసేజ్ పెట్టాను. ఏం జరిగిందో ఉన్నది ఉన్నట్టు రాశాను. నెల రోజులు ఆ పేరుతో గుడ్లు అమ్మలేదు, లోకల్ సంతలో మామూలు ధరకు ఇచ్చాను. నాలుగు కుటుంబాలు మళ్లీ రాలేదు. మిగతావాళ్లు ఉన్నారు. వాళ్లలో ఒకామె, "అయితే కోడి తినేదాని గురించి మేం కూడా అడగాలన్నమాట" అంది. అప్పటి నుంచి అడుగుతోంది కూడా.

ఏం వేయాలి, ఏం వేయకూడదు

వేయొచ్చు: మన తోటలో ఏరిపారేసిన కాయలు, ఇంటి వంటింటి తొక్కలు, మిగిలిన అన్నం, మామిడి సీజన్లో తొక్కలు, పనస తొనలు తీశాక మిగిలింది, బొప్పాయి. పక్కన సహజ వ్యవసాయం చేసే రైతు ఉంటే వాళ్ల చెత్త.

వేయొద్దు: మార్కెట్ కూరగాయల చెత్త, కోడి మాంసం అంగడి వ్యర్థాలు, చచ్చిన కోళ్లు, మురుగు కాలవ పక్కన పండిన ఆకుకూరలు. మురుగు నీళ్లలో కాడ్మియం లాంటి లోహాలు ఉండొచ్చు. ఈ పురుగు ఒంట్లో కాడ్మియం పేరుకుంటుంది, అక్కడి నుంచి కోడికి వస్తుంది. కోళ్ల పెంట కూడా వేయకండి. కోడి రోగం తిరిగి కోడికే వస్తుంది.

మనవాళ్లకు ఒక ప్రత్యేకమైన హెచ్చరిక. నీమాస్త్రం కొట్టిన కాయలు, వేపాకు, వేపపిండి ట్రేలో పడనివ్వకండి. వేప మనకు మేలు చేస్తుంది గానీ పురుగు ఎదుగుదలను ఆపడమే దాని పని. మన పురుగు, పంట పురుగు అని దానికి తేడా తెలియదు.

ట్రేలో మిగిలిన ఎరువును నేరుగా నారుకు వేయకండి. నేను టమాటా నారుకు వేసి ఒక మడి మాడ్చుకున్నాను. ఘనజీవామృతంతో కలిపి నీడలో నెల రోజులు మాగబెట్టాక పొలానికి వేస్తే బాగుంది.

ఇప్పుడు ఎట్లా చేస్తున్నానంటే

12 ట్రేల నుంచి 5 ట్రేలకు వచ్చేశాను. మా తోట, మా ఇల్లు, పక్కనున్న ఇద్దరు రైతుల చెత్త ఎంతో అంతే పురుగు. వంద కోళ్లకు రోజూ వేయడానికి చాలదు. అందుకని ఎవరికి ముందు అని ఆలోచించాల్సి వచ్చింది.

ప్రోటీన్ ఎక్కువ కావాల్సింది ఎనిమిది వారాల లోపు పిల్లలకు. వాటి మేతలో దగ్గర దగ్గర 20 శాతం ప్రోటీన్ ఉండాలి. పెద్ద కోళ్లు బయట తిరిగి తమ పురుగులు తామే వెతుక్కుంటాయి, వాటికి గింజలు, అజొల్లా, మునగాకు, వేరుశెనగ చెక్క ఉన్నాయి. గంప కింది పిల్ల ఎక్కడికి పోతుంది? అందుకే పురుగులు ముందు పిల్లలకు, తర్వాత గుడ్లు పెట్టే పెట్టలకు, మిగిలితే పుంజులకు. ఏ కోడికైనా మొత్తం మేతలో పదో వంతు దాటనివ్వను. కొవ్వు ఎక్కువ కదా, ఎక్కువైతే రెట్ట పలచబడుతుంది. పురుగులో కాల్షియం ఉన్నా పెట్టలకు గుల్ల పొడి విడిగా పెడుతూనే ఉన్నాను.

సోయా చెక్క కొనడం మానేశాను. పురుగు ఒక్కటే కాదు, మునగాకు, అజొల్లా, వేరుశెనగ చెక్క అన్నీ కలిసి దాన్ని మాన్పించాయి. గదిలో పెట్టిన రోజుల్లో కోళ్లు ఒకదాన్నొకటి పొడుచుకోవడం కూడా తగ్గింది. బతికున్న పురుగు వేస్తే వాటికి వెతుక్కునే పని దొరుకుతుంది.

ఒకరోజు గంప కింద పిల్లలకు పురుగులు వేస్తుంటే అవ్వ చూసి, "నేనూ పిల్లలకే కదరా ఏసేది. పెద్దవాటికి కాళ్లుండాయి" అంది. డిప్లొమా చదివి, ట్రేలు కొని, ఎనిమిది ట్రేలు పోగొట్టుకుని నేను చేరింది అవ్వ కుండ దగ్గరికే.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు నా సలహా ఒక్కటే. రెండు ట్రేలతో మొదలుపెట్టండి. ఏ రోజు ఏ చెత్త వేశారు, అది ఎవరి పొలంది అని ఒక నోటు పుస్తకంలో రాయండి. పేరు రాయలేని చెత్త ట్రేలో వేయకండి. మూడు నెలలు అట్లా నడిచాక మూడో ట్రే గురించి ఆలోచించండి.

వచ్చే వీడియోలో బకెట్‌తో గుడ్లు పట్టే పద్ధతి మొదటి నుంచి చివరి దాకా చూపిస్తాను. మీ ప్రాంతంలో ఏ నెలలో ఈగలు ఎక్కువగా కనిపిస్తున్నాయో రాయండి, అందరికీ పనికొస్తుంది.